చేవ్రాలుకు సాక్షి ఎవరు?

న్యూయార్కు నగరంలోని సదబీస్ వేలంశాలలో 2010 డిసెంబరు 10వ తేదీన రెండు పాత కాగితాలు అమ్మకానికి వచ్చాయి. టైపు కొట్టిన కాగితాలు. వాటి మీద ఉన్నది కావ్యమూ కాదు, రాజుల సంధిపత్రమూ కాదు. ఒక ఆటకు సంబంధించిన 13 నియమాలు. వేలం ముగిసేసరికి వాటి వెల 43 లక్షల డాలర్లు దాటింది.

బాస్కెట్‌బాల్ ఆటకు అది జన్మపత్రిక. 1891 డిసెంబరులో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ కళాశాలలో జేమ్స్ నెయిస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు ఆ నియమాలను కూర్చాడు. కెనడా దేశంవాడు. ఆయనకు అప్పగించినది పద్ధెనిమిది మంది ఉన్న అల్లరి తరగతి. అంతకు ముందు ఇద్దరు ఉపాధ్యాయులు వారితో వేగలేక చేతులెత్తేశారు. మంచు కురిసే కాలంలో నాలుగు గోడల మధ్య ఆడదగిన ఆట ఒకటి రెండు వారాలలో కనిపెట్టమని పై అధికారి లూథర్ గ్యూలిక్ ఆజ్ఞాపించాడు. (బడిలో బెత్తమూ సుద్దముక్కా పట్టుకొని బ్రతికినవాడిని కనుక, ఆ రెండు వారాలు ఆయనకు నిద్ర ఎలా పట్టి ఉంటుందో ఊహించగలను.) రెండు పీచు పండ్ల బుట్టలను ఎత్తున వ్రేలాడదీసి, బంతిని వాటిలో వేయమన్నాడు. బంతి పట్టుకొని పరుగెత్తరాదన్నాడు. అల్లరి అణగింది, ఆట పుట్టింది. ఉపాధ్యాయుడు వ్రాసుకున్న పాఠ్యపథకం ఒకటి ఇంత ధర పలకడం లోకంలో మరెక్కడా జరిగి ఉండదని నా నమ్మకం.

వాటిని కొన్నవాడు డేవిడ్ బూత్ అనే ధనికుడు. తాను చదివిన కాన్సస్ విశ్వవిద్యాలయానికే వాటిని అప్పగించాడు. నెయిస్మిత్ 1898లో అక్కడికి వెళ్ళి, ఆ విద్యాలయపు జట్టుకు తొలి శిక్షకుడైనాడు. ఆటను సృష్టించిన ఆ మహానుభావుడే అక్కడి శిక్షకులందరిలోను గెలుపులకన్న ఓటములు ఎక్కువగా మూటగట్టుకున్న ఏకైక వ్యక్తి! లక్షణగ్రంథం వ్రాసినవాడు మహాకవి కావాలన్న నియమం లేదు గదా.

నన్ను ఆకర్షించినది ఆ ధర కాదు. ఆ కాగితాల మీద నెయిస్మిత్ చేవ్రాలు ఉన్నది. అది 1891లో చేసినది కాదు. నలభై యేండ్ల తరువాత, 1931లో, తన డెబ్బైవ యేట చేసినది. టైపు యంత్రం మీట ఎవరు నొక్కినా ఒకే అచ్చు పడుతుంది. ఆ కాగితం తన కర్త ఎవరో తానై చెప్పలేదు. 'ఇది నాది' అని చెప్పడానికి ఒక చేయి కదలవలసి వచ్చింది.

మన భాషలో దీనికున్న మాటలను గమనించండి. చేయి వ్రాసిన వ్రాలు కనుక చేవ్రాలు. సంస్కృతంలో హస్తాక్షరం. పారసీకం నుండి మన కచేరీలలోకి వచ్చిన దస్కత్తులోనూ దస్తు అంటే చేయే. ఇంగ్లీషువారి ఆటోగ్రాఫ్ గ్రీకు మాట. తాను స్వయంగా వ్రాసినది అని దాని అర్థం. ఉత్తరప్రదేశ్‌లోని బాన్స్‌ఖేడాలో దొరికిన హర్షవర్ధనుని తామ్రశాసనం (క్రీ.శ. 628) చివర ఆ చక్రవర్తి చేవ్రాలు సొంపైన అక్షరాలలో చెక్కి ఉన్నది. రాగిరేకు మీద ఉలి నడిపినది వేరొకరి చేయి. ఐనా అది హర్షుని చేవ్రాలే అని మనం ఒప్పుకుంటాం. ఎవరి చేయి, ఎవరి వ్రాలు అన్న చిక్కు ఆనాటిదే. బాస్కెట్‌బాల్ లోకంలో ఈ చిక్కు ఎలా ముదిరిందో చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

ఎన్.బి.ఎ. అని నేడు లోకమంతా ఎరిగిన సంఘం 1946లో వేరే పేరుతో మొదలై 1949లో ఈ పేరు తెచ్చుకున్నది. తొలినాళ్ళలో అది పేద సంఘం. ఆటగాళ్ళలో చాలామంది వేసవి నెలలలో వేరే ఉద్యోగాలు చేసుకునేవారు. ఆట ముగిశాక తలుపు దగ్గర పిల్లలు నిలబడి, ఆనాటి కార్యక్రమ పత్రాన్నో, చిన్న నోటుపుస్తకాన్నో ముందుకు చాచేవారు. ఆటగాడు నిలబడి, పేరు అడిగి, సంతకం పెట్టి వెళ్ళేవాడు. మన బడులలో పదవ తరగతి చివరి రోజున పిల్లలు రంగురంగుల ఆటోగ్రాఫ్ పుస్తకాలు పట్టుకొని మాస్టర్ల చుట్టూ తిరిగినట్లే అనుకోండి. నేను అటువంటి పుస్తకాలలో ఎన్ని ఆశీర్వచనాలు వ్రాశానో లెక్క లేదు. వాటిని ఏ పిల్లవాడూ అమ్ముకున్న దాఖలా లేదు. కొనేవాడూ ఉండడు లెండి. ఆ సంతకానికి విలువ ఎక్కడ ఉన్నదంటే, మేమిద్దరం ఒక క్షణం ఎదురెదురుగా నిలబడ్డామన్న దానిలో. సాక్ష్యం చెప్పవలసిన ఇద్దరూ అక్కడే ఉన్నారు, మూడోవాడి అవసరం లేదు.

ఆటగాళ్ళ బొమ్మలున్న కార్డులు కూడా ఆ కాలంలోనే వచ్చాయి. మనం చిన్నతనంలో అగ్గిపెట్టె బొమ్మలు పోగుచేసినట్లు అక్కడి పిల్లలు గమ్ము పొట్లాలతో వచ్చే ఈ అట్టముక్కలను పోగుచేసేవారు. 1948లో బౌమన్ కంపెనీ 72 కార్డులు వేసింది. అందులో జార్జ్ మైకన్ ఉన్నాడు. 1957లో టాప్స్ 80 కార్డులు వేసింది. బిల్ రస్సెల్ తొలి కార్డు అందులోదే. 1961లో ఫ్లీర్ 66 వేసింది. విల్ట్ చాంబర్లెన్ అందులో వచ్చాడు. మూడింటికీ ఆదరణ అంతంతమాత్రమే. బేస్‌బాల్ ముందు ఈ ఆట అప్పటికింకా చిన్నపిల్ల. 1969లో టాప్స్ వారు మళ్ళీ సాహసించి, ఆటగాళ్ళు పొడుగువాళ్ళు కనుక కార్డులను కూడా పొడుగ్గా వేశారు! ఆ పొడుగు కార్డులు పెట్టెలలో ఇమడక మూలలు నలిగిపోయి, నేడు చక్కగా ఉన్నవి దొరకడం కష్టమైంది.

సంతకాల విషయంలో బాస్కెట్‌బాల్‌కు మరొక ఇబ్బంది ఉన్నది. బేస్‌బాల్ బంతి తెల్లగా, నున్నగా, అరచేతిలో ఇమిడేటట్లు ఉంటుంది. సిరాకలంతో సంతకం పెట్టినా కుదురుగా నిలుస్తుంది. బాస్కెట్‌బాల్ ముదురు రంగు తోలుది, ఒళ్ళంతా పొక్కులు, చుట్టుకొలత ఇరవైతొమ్మిదిన్నర అంగుళాలు. కలం ఆ గరుకు మీద జారిపోతుంది, సిరా పొక్కుల నడుమకు దిగదు. 1964లో షార్పీ అనే చెరగని సిరా మార్కరు బజారులోకి వచ్చాక పని కొంత తేలికైంది. తరువాత వెండిరంగు కలాలు వచ్చాయి. సంతకాల కోసమే ఒకటి రెండు పట్టీలు తెల్లగా ఉంచిన బంతులు కూడా వచ్చాయి. ఐనా బాధ తీరలేదు. బంతిలో గాలి కాలక్రమాన తగ్గిపోతుంది, తోలు ముడుచుకొని సంతకం వంకర పోతుంది. వెలుతురు తగిలితే సిరా వెలిసిపోతుంది. తాళపత్రాలకు పురుగు, ఈ బంతులకు ఎండ. నిజమైన సేకర్త వాటిని గాజుపెట్టెలో నీడపట్టున దాచి, ఎప్పుడో గాని బయటికి తీయడు.

ఇక సాక్ష్యం ఎంత బలహీనమైనదో తెలియాలంటే 1962 మార్చి 2వ తేదీ రాత్రి పెన్సిల్వేనియాలోని హెర్షీ పట్టణానికి వెళ్ళాలి. ఆ రాత్రి చాంబర్లెన్ ఒక్క ఆటలో 100 పాయింట్లు సాధించాడు. నేటికీ ఎన్.బి.ఎ.లో మరెవ్వరూ ఆ అంకెను అందుకోలేదు. చూసినవారు 4,124 మంది. టెలివిజనులో చూపలేదు; చలనచిత్రమూ లేదు. ఆట ముగిశాక జట్టు ప్రచార వ్యవహారాలు చూసే హార్వీ పొల్లాక్ ఒక కాగితం మీద 100 అని వ్రాసి ఇస్తే, దానిని పట్టుకొని చాంబర్లెన్ కూర్చున్న ఛాయాచిత్రం లోకానికి మిగిలిన గుర్తు. ఆ చిత్రం తీసిన పాల్ వాథిస్ ఆ రోజు పనిమీద వచ్చినవాడు కాదు. సెలవు దొరికి, కొడుకుని వెంటబెట్టుకొని ఆట చూడడానికి వచ్చినవాడు.

ఆ రాత్రి బంతిని ఒక పద్నాలుగేండ్ల బాలుడు ఎత్తుకొని పారిపోయాడు. దానితో ఆడుకున్నాడు కూడా. 2000లో ఆ బంతి వేలంలో 5,51,844 డాలర్లు పలికింది. అంతలో, ఇది ఆ బంతి కాదు, నూరవ పాయింటు పడిన బంతిని అప్పుడే ప్రక్కకు తీసి వేరే బంతి వేశారు అని కొందరు అన్నారు. అమ్మకం ఆగింది. మళ్ళీ వేలం వేసినప్పుడు వచ్చినది 67,791 డాలర్లు. బంతి అదే, గాలి అదే, తోలు అదే. మారినదల్లా దాని వెనుక ఉన్న మాట. మన ఊళ్ళలో పొలం తగాదాలలో సాక్షి మాట మార్చినప్పుడు ఎకరం ధర ఎట్లా పడిపోతుందో తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

ఇప్పుడు ఈ కథకు నాయకుడనదగిన వ్యక్తి దగ్గరకు వస్తాను. ఆయన సంతకం పెట్టనన్నవాడు.

బిల్ రస్సెల్ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం గెలిచి, ఆ వెంటనే బోస్టన్ సెల్టిక్స్ జట్టులో చేరాడు. 13 ఏండ్లు ఆడాడు. 11 సార్లు ఆ జట్టు ఛాంపియన్ అయింది. చివరి మూడేండ్లు ఆడుతూనే శిక్షకుడుగా కూడా ఉన్నాడు, ఎన్.బి.ఎ.లో ఆ పదవి పొందిన మొదటి నల్లజాతివాడు. ఇంతటివాడు వీథిలో ఎవరైనా కాగితం చాస్తే తల అడ్డంగా ఊపేవాడు. కరచాలనం చేద్దాం, కావాలంటే కూర్చొని మాట్లాడుకుందాం, సంతకం మాత్రం పెట్టను అనేవాడు. కలిసి ఆడినవాళ్ళు అడిగినా అదే జవాబు. ఆనాటి సెల్టిక్స్ జట్టు బంతుల మీద ఆయన పేరు కనబడితే, అది వేరొకరు వ్రాసినదేమోనని ముందుగా అనుమానించాలని పరీక్షకులు హెచ్చరిస్తారు.

పొగరుబోతు అన్నారు పత్రికలవారు. పొగరో కాదో నిర్ణయించే ముందు కొన్ని సంగతులు తెలియాలి. 1961 అక్టోబరులో ఆ జట్టు ప్రదర్శన ఆట కోసం కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ వెళ్ళింది. తాము దిగిన హోటలు ఫలహారశాలలోనే నల్లజాతి ఆటగాళ్ళకు వడ్డించేది లేదన్నారు. రస్సెల్, తోటి నల్లజాతి ఆటగాళ్ళు ఆ రాత్రి ఆడకుండానే విమానమెక్కి వెళ్ళిపోయారు. అది దక్షిణాది సంగతి అనుకుందాం. బోస్టన్‌కు దగ్గరలోనే రీడింగ్ అనే ఊళ్ళో ఆయనకు ఇల్లుండేది. కుటుంబం ఊళ్ళో లేని సమయంలో ఆ ఇంట్లోకి కొందరు చొరబడ్డారు. గోడల మీద జాతిని దూషించే మాట వ్రాశారు. బహుమతులున్న అల్మారా బ్రద్దలుకొట్టి, వాటిలో చాలావాటిని తుక్కు చేశారు. ఈ సంగతి ఆయన కుమార్తె కారెన్ 1987లో న్యూయార్క్ టైమ్స్‌లో వ్రాసింది.

ఏ చేతులు ఆటలో చప్పట్లు కొట్టాయో, ఏ చేతులు గోడల మీద ఆ వ్రాత వ్రాశాయో ఎవరికి తెలుసు? ఆ గోడల మీద వ్రాసినవాళ్ళు సంతకం పెట్టలేదు. తన ఇంటి మీద అటువంటి వ్రాత చూసిన మనిషి, దారిన పోయేవాడు చాచిన కాగితం మీద తన పేరును అలవోకగా వ్రాయలేకపోతే అది నాకు పొగరుగా తోచదు. నీకు కావలసినది నేనా, నా పేరా అన్నది ఆయన ప్రశ్న. నేను కావాలంటే చేయి ఇస్తాను. పేరు ఒక్కటే కావాలంటే అది నా వద్దనే ఉండనీ. చేవ్రాలులో చేయి ముందు, వ్రాలు తరువాత అని ఆయన తెలుగు తెలియకుండానే తెలుసుకున్నాడు.

1972 మార్చిలో ఆయన ధరించిన 6వ అంకెను ఇకపై ఎవరికీ ఇవ్వరాదని జట్టు నిర్ణయించినప్పుడు కూడా, ప్రేక్షకుల ముందు ఆ వేడుక వద్దన్నాడు. తలుపులు తెరవకముందు, ఖాళీ క్రీడాశాలలో, తోటి ఆటగాళ్ళ నడుమ ఆ అంకె గల పతాకను పైకి ఎత్తారు. 1975లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని, నెయిస్మిత్ పేరిట వెలసిన కీర్తిమందిరం ఆయనను ఎన్నుకున్నది. ఆయన ఆ వేడుకకు వెళ్ళలేదు. తనకంటే ముందు గౌరవం పొందవలసిన నల్లజాతి ఆటగాళ్ళు ఉన్నారని ఆయన అభిప్రాయం.

ఐతే లోకం ఆయనకోసం ఆగలేదు. 1980లో లాస్ ఏంజెలెస్‌లో క్రీడావస్తు సేకర్తల తొలి జాతీయ సమ్మేళనం జరిగింది. అప్పటి నుండి తలుపు దగ్గరి సంతకం బల్ల దగ్గరికి మారింది. ఆటగాడు బల్ల వెనుక కూర్చుంటాడు, ముందు వరుస, టిక్కెట్టు కొన్నవాడికి సంతకం. బంతికి ఒక రేటు, ఛాయాచిత్రానికి ఒక రేటు, పేరుతో పాటు మరొక మాట వ్రాస్తే దానికి వేరే రేటు. ఆటగాడిని తప్పుపట్టలేం. తాను ఉచితంగా పెట్టిన సంతకాన్ని వేరొకడు మరునాడే అమ్ముకొంటుంటే, ఆ సొమ్ము నాకే రానీ అనుకోవడంలో అన్యాయం లేదు. రస్సెల్ కూడా 1990లలో డబ్బు తీసుకొని సంతకాలు చేయడానికి ఒప్పుకున్నాడు. దాన్ని పతనమని కొందరంటారు. నేను అనను. పేరును ప్రేమగా అడుగుతున్నామని నటించేవాడికన్న, కొనడానికే వచ్చానని చెప్పేవాడితో లెక్క సులువు.

1984లో మైకేల్ జోర్డన్ వచ్చాడు; 1986లో ఫ్లీర్ వేసిన 132 కార్డుల సంపుటిలో ఆయన కార్డు చేరింది. ఆయన ఆట గురించి చెప్పడానికి నేనెవరిని? సంతకాల చరిత్రలో మాత్రం ఆయన రాకతో యుగం మారింది. ఇంత గిరాకీ ఉన్న చేవ్రాలు మునుపు ఈ ఆటలో లేదు. గిరాకీ ఉన్నచోటికి దొంగ రాకమానడు.

మన ధర్మశాస్త్రాలలో కూటలేఖ్యం, కూటశాసనం అనే మాటలున్నాయి, దొంగ పత్రాలన్నమాట. కూటశాసనం చేసినవాడికి మనుస్మృతి మరణదండన విధించింది. అమెరికాలో అంత లేదు గాని, 1990ల నడుమ ఎఫ్.బి.ఐ. వారి చికాగో శాఖ ఈ పని మీద కదిలింది. జోర్డన్ మొదలైన చికాగో ఆటగాళ్ళ సంతకాలను దొంగగా వ్రాసి అమ్ముతున్న ముఠా దొరికింది. ఐదు రాష్ట్రాలలో 14 మందికి శిక్ష పడింది. తరువాత కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో 'ఆపరేషన్ బుల్‌పెన్' అనే పెద్ద వేట సాగింది. టోనీ గ్విన్ అనే బేస్‌బాల్ ఆటగాడు తన జట్టు దుకాణంలోనే తాను పెట్టని తన సంతకాలు చూసి ఫిర్యాదు చేశాడు. 1999లో సోదాలు జరిగినప్పుడు ఇళ్ళలో, గోదాములలో బంతులు, చొక్కాలు, చిత్రాలు గుట్టలుగా బయటపడ్డాయి. ఈ వ్యాపారం ఏటా 100 కోట్ల డాలర్లదనీ, అందులో 10 కోట్లకు పైబడి నకిలీ సరుకేననీ ఆనాటి అంచనా.

ఆ గుట్టలలో ఏమి దొరికిందో తెలుసునా? మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతి! కలకత్తా వీథులలో రోగులకు సేవచేసిన ఆ తల్లి, బేస్‌బాల్ బంతి పట్టుకొని, దాని కుట్ల నడుమ చోటు చూసుకొని సంతకం పెట్టిందని నమ్మి కొనేవాడు ఉంటాడని ఆ దొంగకు నమ్మకం. నవ్వు వస్తుంది, ఆ వెనుకనే కడుపులో త్రిప్పినట్లూ ఉంటుంది.

దొంగలు సంతకంతో ఊరుకోలేదు, దానికి జతగా ధ్రువపత్రాన్నీ ముద్రించారు. అంటే సాక్షి కూడా కూటసాక్షే. దానికి విరుగుడుగా కొత్త సాక్షులు పుట్టారు. అప్పర్ డెక్ అనే కంపెనీ 1992లో జోర్డన్‌తో ఒప్పందం చేసుకొని, తమ మనిషి కళ్ళెదుట సంతకం పెట్టించి, వస్తువు మీద అంకె వేసిన హోలోగ్రాం బిళ్ళ అతికించి, అదే అంకెతో పత్రం ఇవ్వడం మొదలుపెట్టింది. 1998లో పి.ఎస్.ఏ. అనే సంస్థ సంతకాల పరీక్షకు ప్రత్యేక శాఖను తెరిచింది. అక్షరం వాలు, ఒత్తిడి, కలం ఎక్కడ ఎత్తాడు, ఎక్కడ తడబడ్డాడు అని చూసి తేలుస్తారు. దొంగ సంతకం చేసేవాడు వ్రాయడు, గీస్తాడు. ఆ గీతలో నిదానం ఉంటుంది. నిజమైన సంతకంలో వేగం ఉంటుంది, అజాగ్రత్త ఉంటుంది. పిల్లల నోటుపుస్తకాలలో తండ్రి సంతకం తామే పెట్టుకొచ్చిన ఘనులను నేను సరిగ్గా ఈ గుర్తుతోనే పట్టుకునేవాడిని. తండ్రి సంతకం కన్న అందంగా ఉన్నదంటే అది కొడుకు పెట్టినదే!

న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు మా మనుమడు తన కార్డుల పెట్టె తెరిచి చూపించాడు. ఒక కార్డు మీద సన్నని పారదర్శకపు పట్టీ, దాని మీద సంతకం. "తాతయ్యా, ఆయన ఈ కార్డును చూసి ఉంటాడా?" అని అడిగాడు. నిజమైన ప్రశ్న అదే. తయారీదారు ఆటగాడికి అటువంటి పట్టీలను కట్టలుకట్టలుగా పంపుతాడు. ఆయన వాటి మీద సంతకాలు పెట్టి తిప్పి పంపుతాడు. కార్డు తరువాత ఎప్పుడో అచ్చవుతుంది, పట్టీని దాని మీద అతికిస్తారు. సంతకం నిజం, చేయి నిజం. కాని ఆ చేయి ఆ కార్డును తాకలేదు. అందుకే కార్డు మీదనే స్వయంగా పెట్టిన సంతకానికి సేకర్తలు ఎక్కువ ఇస్తారు. సంతకానికి బదులు, ఫలానా నాటికి పంపుతామని హామీపత్రం పెట్టి అమ్మడమూ ఉన్నది. దాని గడువు తీరిపోతే కొన్నవాడి గతి అధోగతే.

ఇంకొక పద్ధతి నా మనసుకు అసలు ఎక్కదు. ఆటగాడు ధరించిన చొక్కాను ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క కార్డులో పొదిగి, ప్రక్కన సంతకం పెట్టించడం. 2003లో అప్పర్ డెక్ 'ఎక్స్‌క్విజిట్' అనే సంపుటిని తెచ్చింది; ఐదు కార్డుల పొట్లం వెల 500 డాలర్లు. లెబ్రాన్ జేమ్స్ ఆ ఏడే సంఘంలో అడుగుపెట్టాడు. చొక్కాముక్క, సంతకం ఉన్న ఆయన కార్డులు 99 వేశారు. అందులో ఒకటి 2021లో 52 లక్షల డాలర్లకు పోయింది. చొక్కా మీద ఎన్.బి.ఎ. చిహ్నం ఉన్న ముక్క ఐతే మరీ ప్రియం, ఎందుకంటే చొక్కాకు అటువంటిది ఒక్కటే ఉంటుంది. జోర్డన్, కోబీ బ్రయంట్ ఇద్దరి చిహ్నాలూ, ఇద్దరి సంతకాలూ ఉన్న ఏకైక కార్డు 2025 ఆగస్టులో ఒక కోటి 29 లక్షల డాలర్లు పలికి, క్రీడా కార్డులన్నింటి ధరలను దాటింది. తాళపత్ర గ్రంథాన్ని ఆకు ఆకుగా విడదీసి అమ్మినవాడిని మనం ఏమంటామో వీరినీ అదే అనాలనిపిస్తుంది నాకు. కోసిన చొక్కా మళ్ళీ చొక్కా కాదు. మా మనుమడికి మాత్రం ఇందులో తప్పు కనబడలేదు; ఒక్కరి దగ్గర ఉండేదానికన్న అందరికీ తలా ఒక ముక్క మంచిది కదా అన్నాడు. వాడి వాదమూ కొట్టిపారేయదగినది కాదు.

అడిగి పుచ్చుకున్న సంతకం ఎంత దూరం ప్రయాణం చేయగలదో చెప్పే కథ ఒకటి ఉన్నది. 1997 జూన్ 11, సాల్ట్ లేక్ సిటీ. తుది పోరులో ఐదవ ఆట. జోర్డన్ ఒంట్లో బాగులేక నిలబడలేని స్థితిలో ఉండి కూడా 38 పాయింట్లు చేశాడు. చికాగో 90-88తో గెలిచింది. ఎదుటి జట్టువారి క్రీడాశాలలో బంతులు అందించే కుర్రవాడు ఒకడు, అంతకు ముందు జోర్డన్ ఆ ఊరు వచ్చినప్పుడు అడిగిన ఆపిల్ గుజ్జును వెదకి తెచ్చి ఇచ్చాడు. ఆ చనువుతో, ఆట అయిన తరువాత మీ బూట్లు నాకిస్తారా అని అడిగాడు. జోర్డన్ రెండింటి మీదా సంతకం పెట్టి ఇచ్చాడు. అతడు వాటిని పదిహేనేండ్లు బ్యాంకు పెట్టెలో దాచి, 2013లో వేలానికి ఇచ్చాడు. 1,04,765 డాలర్లు వచ్చాయి. పదేండ్లకు, 2023లో, అవే బూట్లు మరొకసారి వేలానికి వచ్చి 13 లక్షల 80 వేల డాలర్లు పలికాయి. మొదటి వేలంలో అమ్మినది వాటిని ఆటగాడి చేతి నుండి అందుకున్నవాడు. రెండవ వేలానికి ఆ ఆపిల్ గుజ్జు ఒక కథ మాత్రమే. కాని ఆ కథ లేకపోతే ఆ ధరా లేదు. సంతకం నిజమని చెప్పినవి పరీక్షకుల పత్రాలు. దానికి ప్రాణం పోసినది మాత్రం ఆ కుర్రవాడి మాటే.

కోబీ బ్రయంట్ 2020 జనవరి 26న హెలికాప్టరు ప్రమాదంలో పోయాడు. 2007-08లో ధరించి, ఆయన సంతకం చేసిన చొక్కా 2023లో 58 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇకపై ఆ చేయి వ్రాయదు గనుక ఉన్నవాటి ధర పెరిగింది. పీట్ మారవిచ్ అనే అద్భుతమైన ఆటగాడు 1988లో, నలభయ్యవ యేట, సరదాగా ఆడుతూ ఆడుతూ కుప్పకూలి చనిపోయాడు. ఆయన సంతకాల అరుదుతనానికీ అదే మూలం. చావును లెక్కకట్టే ఈ గణితం నాకు రుచించదు గాని, మన ప్రాచీన కవుల వ్రాతప్రతుల విషయంలోనూ మనం చేసేది దీనికి మరీ దూరమైనదేమీ కాదు.

రస్సెల్ సంగతి ముగించాలి. 2019లో చక్ కూపర్‌ను కీర్తిమందిరం చేర్చుకున్నది, 1950లో ఎన్.బి.ఎ. జట్లు ఎన్నుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు కూపర్. ఆ నవంబరులో రస్సెల్, నలభైనాలుగేండ్ల క్రిందట తాను కాదన్న ఉంగరాన్ని కొద్దిమంది మిత్రుల నడుమ స్వీకరించాడు. 2021 డిసెంబరులో తన వస్తువులను తానే వేలానికి పెట్టాడు, అదీ బోస్టన్‌లోనే. మొత్తం 429 అంశాలు. 1957లో గెలిచిన మొదటి ఛాంపియన్ ఉంగరం, ఒలింపిక్ పతకం, ఆడిన చొక్కాలు, అన్నీ ఉన్నాయి. 50 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. అందులో కొంత, పిల్లలకు మార్గదర్శకులను సమకూర్చే మెంటర్ అనే సంస్థకు చేరింది. ఒకప్పుడు ఆ ఊరి చెంతనే ఆయన ఇంట్లో అల్మారా పగులగొట్టారు. ఇప్పుడు అదే ఊళ్ళో, మిగిలిన వాటిని కొనడానికి జనం చేతులెత్తారు. వాటికి సాక్ష్యం ఎవరినీ అడగవలసిన పని లేదు, ఇచ్చినవాడు ఆయనే.

2022 జులై 31న రస్సెల్ కన్నుమూశాడు. మరుసటి నెలలో ఎన్.బి.ఎ. సంఘం, ఆయన ధరించిన 6వ అంకెను ఏ జట్టూ ఇకపై కొత్తవారికి ఇవ్వరాదని నిర్ణయించింది. మొత్తం సంఘంలో అటువంటి గౌరవం అంతకు ముందు ఎవరికీ దక్కలేదు. అప్పటికే ఆ అంకె ధరిస్తున్నవారు కొనసాగవచ్చునన్నారు. వారిలో లెబ్రాన్ జేమ్స్ ఒకడు. 2023లో ఆయన తనంతట తానుగా ఆ అంకెను విడిచిపెట్టి, మునుపటి 23కు మారాడు.